కుర్చీ అక్కరలేని బల్ల

పోయిన నెలలో ఒక పొద్దున మంచం మీది నుంచి లేవబోతే నడుము లేవనంది. ప్రొద్దుటూరులో మా వీధి చివర ఉండే ఎముకల డాక్టరు ఫోటోలు తీయించి, వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "మీరు కూర్చోవడం బాగా తగ్గించాలమ్మా" అన్నాడు. ఇదేం చోద్యం! నాది కూర్చుని చేసే పనాయె. ఒక ప్రింటింగు ప్రెస్సుకు ఇంట్లోంచే ప్రూఫులు దిద్దిపెడతాను. పెళ్ళి పత్రికలు, ఎరువుల దుకాణాల కరపత్రాలు, ఎన్నికలొస్తే పార్టీల వాగ్దానాలు, అన్నీ నా ఎర్ర కలం కింద నుంచే పోతాయి. వాగ్దానాల్లో అచ్చు తప్పులు మాత్రమే దిద్దుతాను. మిగతా తప్పులు నా పని కాదు. కడపలో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఆదివారం వచ్చి, సంగతి విని, ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. తెల్లటి బల్ల. ఒక మీట నొక్కితే పైకి లేస్తుంది, ఇంకో మీట నొక్కితే కిందికి దిగుతుంది. "నిలబడి పని చేసుకునే బల్లమ్మా. ఇప్పుడు కొత్తగా వచ్చినాయి" అంది. ఆ ధరకు పాడిబర్రె వస్తుంది. ధర సంగతి పోనీ, "కొత్తగా" అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. "కొత్తదీ లేదు, పాడూ లేదు. ఈ బల్లను మీ జేజీ నేనూ కలిసి నువ్వు పుట్టకముందే చేసినాం. కరెంటు కూడా లేకుండా" అన్నాను. జేజి అంటే దాని నాయనమ్మ, మా అత్త. నేనేదో వేళాకోళమాడుతున్నానని నవ్వింది. అప్పటికప్పుడు దాన్ని నిచ్చెన ఎక్కించి అటక మీది సామాను దింపించాను. ఒక పాత తలుపు రెక్క, నాలుగు వేప కాళ్ళు, గుడ్డలో మూటగట్టిన చెక్క మేకులు. మూట విప్పితే వేప చేదు వాసన ఇంకా ఉంది. నడుం నొప్పి మర్చిపోయి కాసేపు అక్కడే నిలబడ్డాను.

నేను కోడలిగా పోయిన ఊరు జమ్మలమడుగుకు ఆరేడు మైళ్ళు. పేరు చెప్పను. చెప్తే, ఈ కథలో వచ్చే మనుషుల మనవళ్ళో మేనల్లుళ్ళో ఇంకా అక్కడ ఉన్నారు, వాళ్ళతో నాకెందుకు? మా నాయనకు ప్రొద్దుటూరులో చిన్న వడ్రంగి షెడ్డు ఉండేది. చిత్రిక పొట్టులో ఆడుకుని పెరిగినదాన్ని నేను. అక్షరాల కంటే ముందు, మూలలు సరిచూసే మూలమట్టం పట్టుకోవడం నేర్చుకున్నాను. మా అత్త, అంటే మా ఆయన తల్లి, ఆ ఊరి బడిలో టీచరు. వాళ్ళ తాతల కాలంలో మిషను వాళ్ళ దగ్గర నాలుగు అక్షరాలు నేర్చుకుని, ఆ నాలుగింటినీ పట్టుకుని పైకొచ్చిన కుటుంబం. ఊరి పడమటి కొసన, ప్రార్థన చేసుకునే చిన్న గుడి ఉన్న వీధి మాది. మామ నేను రాకముందే పోయాడు. మా ఆయన కడపలో గుమాస్తా. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం పొద్దున బస్సుకు పోయేవాడు. మిగతా రోజులన్నీ అత్తా కోడళ్ళం ఇద్దరమే. ఆ ఊళ్ళో రెండు వర్గాలుండేవి, రెండు వర్గాల దగ్గరా నాటు బాంబులుండేవి. అయినా కొత్త కోడలిగా నేను మొదట భయపడింది బాంబులకు కాదు, మా అత్తకు. పొడుగాటి మనిషి. కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారం కట్టుకుంది. ఆ దారం వెనక నుంచి చూసే చూపు మాత్రం ఎక్కడా విరగలేదు. అన్నంలో రాయి తగిలితే ఏమీ అనేది కాదు. తీసి పళ్ళెం అంచున, నాకు కనపడేటట్టు పెట్టేది.

బడి నుంచి వచ్చాక ఆమెకు ఇంకో ఉద్యోగం ఉండేది, జీతం లేనిది. వసారాలో పేము కుర్చీ వేసుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని, ఊళ్ళో ఆడవాళ్ళకు అర్జీలు రాసిపెట్టేది. గొడవల్లో మొగుడు పోయినవాళ్ళ పింఛను అర్జీలు, రేషను కార్డులో పేర్లు పోయిన అర్జీలు, జైలులో ఉన్న కొడుకులకు జాబులు. ఆ కుర్చీ మా మామది. పేము సాగిపోయి, కూర్చుంటే మనిషి లోపలికి దిగిపోయేది. అందుకని అడుగున ఒక బొంతను నాలుగు మడతలు వేసి పెట్టుకునేది. అర్జీ రాయించుకోను ఎవరైనా ఆమె దగ్గరికి రావడమే కొందరికి నచ్చేది కాదు. ఎందుకంటే ఊళ్ళో ఏ కాగితమైనా మొదట పోవలసిన చోటు ఒకటే, పెద్దప్ప ఇల్లు.

పెద్దప్ప అంటే మాకు చుట్టం కాదు. రెండు వర్గాల్లో పెద్ద వర్గానికి పెద్ద. ఊరంతా అలాగే పిలిచేది. ఎన్నికలకు ముందు ఆయన జీపు మీద జెండా మారేది గాని జీపులో మనుషులు మారేవారు కాదు. ఆయన జీపు వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళందరూ లేచి నిలబడాలి. మగవాళ్ళు భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకోవాలి. ఇది ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు, రాసిపెట్టిన చట్టాల కంటే గట్టిగా నడిచేది. ముసలివాళ్ళు, కాలు విరిగినవాళ్ళు కూడా స్తంభం పట్టుకుని లేచేవాళ్ళు. జీపు చప్పుడు వినపడగానే మా అత్త మాత్రం ఏదో పని ఉన్నట్టు లోపలికి వచ్చేది, దుమ్ము అణిగాక మళ్ళీ వసారాలోకి పోయేది. అది ఆమె చేసుకున్న రాజీ అని నాకు కొన్నాళ్ళకు అర్థమయింది. ఆ రాజీ ఆమెకు ఇష్టం లేదని కూడా అర్థమయింది, ఎందుకంటే లోపలికి వచ్చిన ప్రతిసారీ ఊరికే ఒక చెంబు తీసి ఠంగుమని పెట్టేది.

ఒకరోజు సాయంత్రం ఏదో పెద్ద అర్జీ. మొగుణ్ణి పోగొట్టుకున్న ఒకామె ఏడుస్తూ చెప్తుంటే ఈమె రాస్తోంది. జీపు వచ్చింది, పోయింది. మా అత్త లోపలికి రాలేదు, లేవనూ లేదు. చూసుకోలేదని నేననుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత చెప్తున్నాను, చూసే ఉంటుంది. మర్నాడు పొద్దున పెద్దప్ప చేతికింది మనిషి ఒకడు, బుర్ర మీసాలవాడు, మెట్ల కింద నిలబడి పిలిచాడు. "టీచరమ్మా, నిన్న పెద్దప్ప పోతాంటే కూచోనుండావంట?" అన్నాడు. "రాస్తాంటి నాయనా" అంది మా అత్త. "రాసేవాళ్ళకు కాళ్ళుండవా? కుర్చీ ఉండబట్టి గదా ఈ తగువు. కుర్చీ లేకపోతే తగువే ల్యా" అని వసారాలోకి వచ్చి, కుర్చీలోని బొంతను దులిపి కింద పడేసి, కుర్చీ నెత్తిన పెట్టుకుని పోయాడు. వీధంతా చూసింది. ఎవరూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు, ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది నాకు. మా అత్త బొంతను ఎత్తి, దుమ్ము విదిలించి, మడిచి లోపల పెట్టింది. ఆ పూట చెంబు చప్పుడు కూడా చేయలేదు.

శనివారం మా ఆయన వచ్చాడు. విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, మెత్తటివాడు. తల్లి ఒక్కతే ఆ ఊళ్ళో ఉంటుందని వారమంతా కడపలో కూర్చుని భయపడేవాడు. "లేచి నిలబడితే పొయ్యేదేముంది మా? రెండు నిమిషాల పని" అన్నాడు. మా అత్త అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "లేచేటప్పుడు ఏం గాదు రా. మళ్ళా కూచోనేటప్పుడు సిగ్గయితాది" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, పెళ్ళయి వచ్చాక మొదటిసారి నన్ను సలహా అడిగినట్టు అడిగింది. "పాపా, మీ నాయన షెడ్డులో పనివాళ్ళు కూచోని పని చేస్తారా, నిలబడుకోనా?" పొడుగు బల్ల ముందు నిలబడే చేస్తారని చెప్పాను. "అట్లయితే మనకొకటి కావల్ల. ముందునుంచే నిలబడుంటే, ఎవురి కోసరమో లేచినానని ఎవురూ అనలేరు గదా" అంది. మా ఆయన తల పట్టుకున్నాడు. నాకు మాత్రం లోపల ఏదో కదిలింది. మొగుడు పక్కన కూర్చుని ఉండగా అత్త మీద అంత ప్రేమ పుట్టడం ఏమిటో నాకే వింతగా అనిపించింది.

ఊరి వడ్రంగిని పిలిపించాం. మెత్తని మాటల ముసలాయన. చెప్పింది విని, చెవి వెనక పెట్టుకున్న పెన్సిలు తీసి చేత్తో తిప్పుతూ నిలబడ్డాడు. "మంచం చెయ్యమను, పెట్టె చెయ్యమను, చేస్తా తల్లీ. ఈ బల్ల మాత్రం నా చేత కాదు. ఎందుకోసరం చేయిస్తాండావో రేపు ఊరంతా తెలుస్తాది. నేను ఆ ఇంటికి నాగళ్ళు చెయ్యల్ల" అన్నాడు. మా అత్త ఆయనను ఒక్క మాట అనలేదు, మజ్జిగ ఇచ్చి పంపింది. ఆయన వెళ్ళిపోయాక చూస్తే వసారా మూలలో గోనెసంచి ఉంది. అందులో చిత్రిక, రంపం, రెండు ఉలులు, సుత్తి. పరిగెత్తుకుంటూ పోయి చెప్తే, వెనక్కి తిరగకుండానే, "మతిమరుపమ్మా, వయసు. నాలుగు దినాలైతే గుర్తొస్తాదిలే" అన్నాడు. ఆ ఊళ్ళో నేను చూసిన ధైర్యాల్లో అది చిన్నదేం కాదు.

కొత్త చెక్క కొనలేదు. కూలిపోయిన గొడ్ల కొట్టం తలుపు రెక్క ఒకటి పెరట్లో ఉంది, అది పైబల్ల అయింది. కొట్టం వాసాలు వేపవి, చెద పట్టనివి, నాలుగు కాళ్ళయ్యాయి. కొత్త కోడలు చీర కుచ్చిళ్ళు దోపుకుని రంపం లాగుతుంటే గోడ మీది నుంచి తొంగి చూడనివాళ్ళు లేరు. మా అత్త రెండో కొస పట్టుకునేది. బడిలో పిల్లలను బెదిరించినట్టే వాసాన్ని కూడా బెదిరించేది గాని, రంపం ఆమె మాట వినేది కాదు. "లాగేటప్పుడే బలం పెట్టల్ల అత్తా, తోసేటప్పుడు ఊరికే పోనియ్యల్ల" అని నేను చెప్తే, బుద్ధిగా తల ఊపింది. అన్నంలో రాళ్ళు ఏరిపెట్టే అత్త నా మాట వినడం ఎంత కమ్మగా ఉందో ఏం చెప్పను! ఇనుప మేకులు వాడలేదు. కాలి కొసను సన్నగా చెక్కి, పైచెక్కలో బెజ్జం తొలిచి, దూర్చి, అడ్డంగా చెక్క మేకు కొట్టాం. మేకు ఊడగొడితే ఏ ముక్కకు ఆ ముక్క విడిపోతుంది. అది మా నాయన పద్ధతి. బల్ల పైభాగమంతా అద్దంలా చిత్రిక పట్టాను. అడుగు భాగం ఎవరు చూస్తారులే అని గరుకుగానే వదిలేశాను.

తప్పు ఎత్తు దగ్గర జరిగింది. మోచెయ్యి వంచి నిలబడితే ఎంత ఎత్తు వస్తుందో బల్ల అంతకు వేలెడు తగ్గాలి, అది లెక్క. మా అత్త బడికి బయలుదేరుతుంటే ఆపి, దారం పెట్టి కొలిచాను. అప్పుడు ఆమె కాళ్ళకు బడి చెప్పులున్నాయి, లావు అట్టలవి. మా నాయన షెడ్డులో మేకులు గుచ్చుకుంటాయని ఎవరూ చెప్పులు విప్పరు, నాకు ఆ అలవాటు. మా ఇళ్ళల్లో వసారా ఎక్కితే ఎవరికైనా వట్టి కాళ్ళే. బల్ల నిలబెట్టాక ఆమె చెప్పులు విప్పి ముందు నిలబడితే, మోచేతులు పైకి ఎగిరి, బల్లకు వేలాడుతున్నట్టుంది. వడ్రంగి కూతురి పరువు పోయింది. బల్ల కాళ్ళు రెండు వేళ్ళ మేర కోసేస్తానన్నాను. "కొయ్యొద్దు. చేసినాక తగ్గించేదేంది? నేనే ఎత్తవుతా" అంది మా అత్త. పెరటి కాలువ మీద కప్పిన నాపబండను ఇద్దరం దొర్లించుకుని తెచ్చి బల్ల ముందు వేశాం. అది ఎక్కి నిలబడితే సరిగ్గా కుదిరింది. ముందే పొడుగు మనిషి, బండెక్కి వసారాలో నిలబడితే మా వీధిలో అందరికంటే ఎత్తయింది.

ఆ తర్వాత జీపు వచ్చిన మొదటి రోజు వీధంతా మా వసారా వైపే చూసింది. అరుగుల మీద జనం లేచారు. మా అత్త అర్జీ రాస్తూనే ఉంది. లేవలేదు, లోపలికీ రాలేదు. జీపు మా ఇంటి ముందు కాస్త నెమ్మదించింది. మీసాలవాడు తల బయటికి పెట్టి చూశాడు. ఏమని తప్పు పడతాడు? మనిషి నిలబడే ఉంది. జీపు పోయాక ఆమె లోపలికి వచ్చి నీళ్ళు తాగి చెంబు మెల్లగా పెట్టింది. ఆ మెల్లగా పెట్టడం విని నేను వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అంతలో ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఎన్నికలంటే మా వీధి ఆడవాళ్ళకు చిన్న నడక. పోలింగు బూతు పెద్దప్ప వీధిలోని సత్రంలో ఉండేది. అక్కడిదాకా నడిచి పోతే, "మీ ఓటు పడిందిలే, పోండి" అనేవాళ్ళు. నడిచి వచ్చేయడమే. మా అత్త పేరు ఇరవై ఏళ్ళుగా జాబితాలో ఉంది, ఆమె ఓటూ ఇరవై ఏళ్ళుగా పడుతూనే ఉంది, ఆమె మాత్రం ఒక్కసారి కూడా గుద్దలేదు. పిల్లలకు ఓటు హక్కు గురించి పాఠం చెప్పే రోజున ఇంటికొచ్చి అన్నం తినేది కాదు. ఆ ఏడు బల్ల మీద కాగితం పరిచి, మా వీధికి వేరే బూతు కావాలని, ప్రార్థన గుడి పక్క గదిలో పెట్టమని అర్జీ రాసింది. నలభై మంది దాకా ఆడవాళ్ళు. బడి లేని రోజున పొద్దున పదింటికి ఒక్కొక్కరే వచ్చి, బల్ల ముందు నిలబడి వేలిముద్ర వేయాలి. ఇంకు అద్దే డబ్బా పట్టుకుని నేను గుమ్మంలో నిలబడ్డాను.

సగం ముద్రలు పడ్డాక జీపు వచ్చి మా ఇంటి ముందు ఆగింది. ఆడవాళ్ళు గోడలకు అంటుకుపోయారు. పెద్దప్ప దిగాడు. మా వీధిలో ఆయన ఏ ఇంటి మెట్టూ ఎక్కడు. ఎక్కకూడదని ఆయన పుట్టినప్పటి నుంచీ నేర్చుకున్న పాఠం. మాట్లాడవలసి వస్తే వీధిలోనే కుర్చీ వేయించుకుని కూర్చుంటాడు. ఆ రోజు ఆయన ఇంట్లో మంచి కుర్చీలన్నిటి మీదా పులివెందుల నుంచి వచ్చిన పార్టీ వాళ్ళు కూర్చుని ఉన్నారట. మీసాలవాడు చేతికి దొరికిన కుర్చీ జీపులో వేసుకొచ్చాడు. అది మా పేము కుర్చీ. బొంత లేకుండా. మెట్ల కింద, సరిగ్గా బల్ల ఎదురుగా వేశాడు. పెద్దప్ప హుందాగా కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే లోపలికి దిగిపోయాడు.

"ఏం టీచరమ్మా, ఏంది రాస్తాండావు?" అని గొంతు వినపడింది. మనిషి కనపడలేదు. వీధి కింద, వసారా పైన, దాని మీద నేను రెండు వేళ్ళు ఎక్కువ చేసిన బల్ల. ఆయనకు కనిపించేది నేను చిత్రిక పట్టకుండా వదిలేసిన గరుకు చెక్క ఒక్కటే. మా అత్త కలం కింద పెట్టి, బల్ల మీది నుంచి ముందుకు వంగి చూసింది. "యాడుండావు పెద్దప్పా? కనపల్లా" అంది. గోడ దగ్గర ఒక ముసలామె ముక్కులోంచి నవ్వు జారింది. దాన్ని ఆపుకోబోయి పక్కామె దగ్గింది. నా చేతిలో ఇంకు డబ్బా ఒరిగి అరచెయ్యంతా నల్లబడింది, చూసుకోలేదు నేను.

పెద్దప్ప రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, ఆ సాగిన పేములోంచి తనను తాను పైకి లాక్కుని, లేచి నిలబడ్డాడు. నలభై మంది ఆడవాళ్ళ ముందు, మా అత్త ఎదురుగా. అప్పటికీ కాగితం కనపడలేదు. ఒక మెట్టు ఎక్కాడు. ఇంకో మెట్టు ఎక్కాడు. కాగితం తీసుకుని చదివాడు. "బూతు మీ వీధికి కావల్నా? మా వీధికొస్తే మేమేమన్నా మింగుతామా?" అన్నాడు.

"మింగరు పెద్దప్పా. మేమొచ్చే లోపలే మా ఓట్లు గుద్ది పెడతాండారు, మాకు శ్రమ లేకుండా. ఆ శ్రమేదో మేమే పడతామని రాస్తాండాం."

"చించెయ్."

"నేను చించను. కావాలంటే నువ్వు చించు. మళ్ళా రాస్తా. కాగితాలుండాయి, వీళ్ళ వేళ్ళూ ఉండాయి."

ఆయన మొహం ఎర్రబడింది. కోపంలో, ఎప్పుడూ అనే మాటే నోటికొచ్చింది. "పెద్దమనుషుల ముందర లేచి నిలబడల్లని నీకెవురూ నేర్పలేదా?"

"నిలబడే ఉండా గదప్పా. ఇంతసేపూ కూచోనుండింది నువ్వే."

ఎదురుగా నిలబడి చూసినవాళ్ళకు మా అత్త చెయ్యి బల్ల మీద కదలకుండా ఉండడం కనిపించింది. నేను వెనక ఉన్నాను. చీర అంచు కింద, నాపబండ మీద ఆమె మడమలు గజగజ వణుకుతున్నాయి. కాలి వేళ్ళు బండను పట్టుకోబోతున్నట్టు ముడుచుకున్నాయి. ధైర్యమంటే భయం లేకపోవడమని అప్పటిదాకా అనుకునేదాన్ని. గోడలకు అంటుకున్న ఆడవాళ్ళు ఎప్పుడు గోడలు వదిలి ముందుకొచ్చారో నాకు తెలియదు గాని, పెద్దప్ప తల తిప్పేసరికి మెట్ల దాకా వచ్చి ఉన్నారు. ఆయన కాగితం బల్ల మీద పడేశాడు. "ఈ ఊళ్ళో ఎన్ని దినాలు నిలబడతావో చూస్తా" అని జీపెక్కాడు. కుర్చీని మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేదు. మూడు రోజులు వీధిలోనే ఉంది. నాలుగో రోజు మా అత్త దాన్ని లోపలికి తెచ్చి, బొంత వేసి, "దూరం నుంచి నడిచొచ్చేవాళ్ళు కూచుంటారు" అని వసారాలో పెట్టింది. తను మాత్రం కూర్చోలేదు.

అర్జీని జమ్మలమడుగు ఆఫీసులో నేనే ఇచ్చి, ముద్ర కొట్టించుకుని వచ్చాను. ఆ ఏడు బూతు రాలేదు. వచ్చింది ట్రాన్స్‌ఫరు కాగితం, పులివెందుల దారిలో తొండూరు దగ్గరి బడికి, పరిపాలనా సౌకర్యం కోసమట. "ఎవురి సౌకర్యమో రాయలేదే" అంది మా అత్త, ఎర్ర సిరా ఉంటే దిద్దేదేమో. చెక్క మేకులు ఊడగొట్టి బల్లను ముక్కలు చేసి మూటగట్టాం. ముద్దనూరులో బస్సు మారేటప్పుడు కండక్టరు చూసి, "ఏందమ్మా ఇది, తలుపా? ఇల్లు యాడుంది?" అన్నాడు. "ఆడికే పోతాండాం నాయనా" అంది. గోనెలో చుట్టిన నాపబండను కూడా బస్సు పైకి ఎక్కించమంటే కండక్టరు కంటే ముందు నాకు విసుగొచ్చింది. బండలు తొండూరులో దొరకవా అన్నాను. "దొరుకుతాయి. ఇది నా ఎత్తు పాపా" అంది. అక్కడ వసారాలో బల్ల నిలబెట్టిన మూడో రోజే ఒక ఆడమనిషి కాగితం పట్టుకుని వచ్చింది. ఆమెను అక్కడ దిగబెట్టి నేను ఊరికి తిరిగొచ్చాను. ప్రతి ఏడూ అక్కడి నుంచే మా వీధి బూతు అర్జీ రాసి పంపేది, మా వీధి ఆడవాళ్ళు ప్రతి ఏడూ ముద్రలు వేసేవాళ్ళు, నేను ప్రతి ఏడూ జమ్మలమడుగులో ఇచ్చి వచ్చేదాన్ని. ఆ గుమాస్తాకు నా మొహం చూస్తేనే తలనొప్పి వచ్చేది. రానీ!

ఆమె రిటైరై ఊరికి తిరిగొచ్చిన తర్వాతి ఎన్నికలకు బూతు వచ్చింది. మా అర్జీల వల్లే వచ్చిందో, కాలం మారి వచ్చిందో తెలియదు. నేనైతే మా వల్లేనంటాను, కాదన్నవాళ్ళు రుజువు చూపించమనండి. పోలింగు సిబ్బంది ముందురోజు వచ్చి, ఓటు గుద్దేచోట అట్ట మరుగు పెట్టడానికి ఎత్తయిన బల్ల ఉందా అని వీధిలో అడిగారు. వీధంతా ఒక్కసారే మా ఇల్లు చూపించింది. పొద్దున్నే మొదటి ఓటు మా అత్తది. ముందే పోయి నాపబండ వేసి వచ్చాను. బండెక్కి, అట్ట వెనక, ఆ బల్ల మీద ఆమె ఎంతసేపు నిలబడిందంటే, లోపల ఆఫీసరు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. పై నుంచి కింది దాకా ప్రతి పేరూ చదివిందట. బయటికొచ్చి, సిరా చుక్క ఉన్న వేలు పైకెత్తి చూసుకుంటూ ఇంటిదాకా నడిచింది. "ఎవరికేసినావత్తా?" అన్నాను. "నీకెందుకు?" అంది. తర్వాత వసారాలోని పేము కుర్చీ ముందుకు లాక్కుని, బొంత సర్దుకుని, ఎన్నో ఏళ్ళ తర్వాత అందులో కూర్చుంది. వెనక్కి వాలింది. సాయంత్రందాకా లేవలేదు. ఆమె మొహంలో ఏ సిగ్గూ లేదు. నేను లోపలికి పోయి చాలాసేపు ఏడ్చాను, సంతోషంతోనే.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ తర్వాత బల్లా బండా నాతోపాటే ప్రొద్దుటూరు వచ్చేశాయి. మొన్న ఆదివారం మా అమ్మాయీ నేనూ చెక్క మేకులు కొట్టి బల్ల నిలబెట్టాం. పెరట్లో బట్టలు ఉతికే బండగా మారిన నాపబండను కడిగి తెచ్చి ముందు వేశాం. ఎక్కి నిలబడి, ఒక పార్టీ వాగ్దానాల ప్రూఫు పరిచాను. నేను మా అత్త కంటే పొట్టి, వయసుతో ఇంకా కుదించుకుపోయాను. బల్ల నాకు మళ్ళీ రెండు వేళ్ళు ఎక్కువైంది. "కాళ్ళు కోయిద్దామమ్మా, ఎంతసేపు పని" అంది మా అమ్మాయి. కోసేది లేదన్నాను. కాలం నన్ను ఎంత పొట్టి చేసినా చేసుకోనీ, ఆ బల్ల ఎత్తు తగ్గనివ్వను. ఇంకో బండ తెమ్మని చెప్పాను.